యురేనియానికి ఊరి మాట అక్కర్లేదా?

సిమెంటు కంపెనీ పెద్ద సున్నపురాయి గని తవ్వాలంటే ఊళ్లో షామియానా వేసి జనం మాట వినాలి. అదే జిల్లాలో యురేనియం తవ్వడానికి ఆ బాధ అక్కర్లేదట! కేంద్ర పర్యావరణ శాఖ 2025 సెప్టెంబర్ 8న ఇచ్చిన మెమో సారం ఇదే. అణు, కీలక, వ్యూహాత్మక ఖనిజాల గనులన్నిటికీ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు. పార్లమెంటులో చర్చ లేదు, చట్ట సవరణ లేదు. 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ మదింపు) నోటిఫికేషన్‌లో ‘వ్యూహాత్మక’ అన్న మాట ఉంటే, దాని చాటున పని కానిచ్చేశారు.

కజకిస్థాన్ నుంచి తెచ్చుకునే యురేనియం మీద ఎన్నాళ్లు ఆధారపడతామన్న వాదన కొట్టిపారేయదగ్గది కాదు. దానికీ జనం నోరు నొక్కడానికీ సంబంధమేమిటి?

కడప జిల్లా తుమ్మలపల్లెలోని యురేనియం గని చూడండి. అక్కడి రాయిలో యురేనియం 0.05 శాతం కూడా లేదు. టన్ను రాయి పిండి చేస్తే దక్కేది అరకిలో లోపే. మిగతాదంతా బురదై కొట్టాల ఊరి దగ్గరి టెయిలింగ్ పాండ్‌కు, అంటే వ్యర్థాల చెరువుకు, పోతుంది. మిల్లు సామర్థ్యమేమో రోజుకు 3,000 టన్నులు. సున్నపు జాతి రాయి కనుక యాసిడ్ పోస్తే యాసిడ్‌నే తాగేస్తుంది. అందుకని సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంలో వేడి, ఒత్తిడి పెట్టి కరిగిస్తారు. ఆ సోడియం లవణాలూ పాండ్‌కే చేరతాయి. యురేనియం తీసేసినా రేడియం బురదలోనే ఉండిపోతుంది. దాని అర్ధాయువు 1,600 ఏళ్లు. ఇదంతా భూమిలోకి ఇంకకుండా ఆపాల్సింది అడుగున పరిచే బెంటొనైట్ మట్టి, పాలిథీన్ షీటు. ఆ లైనింగే సరిగా లేదని కాలుష్య నియంత్రణ మండలి నోటీసిచ్చింది. బోరు నీళ్లు పారిన చేను చౌడుబారి అరటి ఎండుతోందని రైతులంటే, దానికి కారణం మేం కాదని గని నడిపే ప్రభుత్వ సంస్థ యూసీఐఎల్ అంటోంది.

జార్ఖండ్‌లోని జాదూగూడ యురేనియం గని దగ్గర 2006 డిసెంబర్‌లో వ్యర్థాల గొట్టం పగిలి బురద వాగులో కలిసింది. మొదట కనిపెట్టింది ఊరివాళ్లే. ఇప్పుడు ఆ ఊరివాళ్లనే అడగక్కర్లేదంటున్నారు!

ప్రజాభిప్రాయ సభలో లేచిన ప్రతి అభ్యంతరమూ మినిట్స్‌కెక్కుతుంది, తుది నివేదికలో కంపెనీ దానికి జవాబు రాసివ్వాలి. రేపు పాండ్ కారితే రైతు చేతిలో ఉండే కాగితం అదొక్కటే. నల్లగొండ జిల్లా లంబాపూర్-పెద్దగట్టులో యురేనియం గని తవ్వుతామంటే, 2003లో అక్కడి జనం ఇలాంటి సభలోనే నిలదీశారు. నాగార్జునసాగర్ పక్కన ఆ గని ఇంతవరకు రాలేదు. ఢిల్లీకి మింగుడుపడనిది బహుశా అదే.

ఇవాళ యురేనియం అంటున్నారు. తీరం ఇసుకలోని ఖనిజాలూ ఈ జాబితాలోనివే. రేపు భీమిలి జాలరినీ అడగరు. ‘వ్యూహాత్మకం’ అని ముద్ర కొడితే చాలునంటే, ఆ ముద్ర ఎక్కడ ఆగుతుంది?

మెమో వెనక్కి తీసుకోండి. అంత ధైర్యం లేకపోతే, పాండ్ చుట్టుపక్కల బోర్ల నీటి పరీక్షల ఫలితాలైనా ఏడాదివారీగా కొట్టాల పంచాయతీ గోడకు అంటించండి. అందులో ఏ దేశ రహస్యం ఉందో ఊరు చదివి చెబుతుంది.