సవరణ: కెటిల్ గ్రిల్ పై కన్నాలు మూయకండి

పోయిన వారం పోస్టులో, మాంసం స్మోకింగ్ (అంటే పొగలో నిదానంగా వండడం) కోసం వందల డాలర్లు పోసి వేరే స్మోకర్ కొనక్కర్లేదు, 22 అంగుళాల బొగ్గు కెటిల్ గ్రిల్ (మూత ఉన్న గుండ్రటి బొగ్గుల పొయ్యి) చాలు అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను. కానీ "మూత మీది కన్నాలు మూసేస్తే పొగ లోపలే నిలిచి ముక్కకి బాగా పడుతుంది" అని కూడా రాశాను. అది తప్పు, పొరపాటు నాదే.

పై కన్నాలు తెరిచే ఉంచాలి. వేడిని అడుగు కన్నాలతో అదుపు చేయాలి, గాలి తగ్గితే నిప్పు తగ్గుతుంది. 225 నుంచి 250 ఫారన్‌హీట్ మధ్య నిలవాలంటే బొగ్గు ఒక పక్కకి పోగేసి, మాంసం రెండో పక్కన పెట్టాలి. పైది మూస్తే పొగ కదలక చేదెక్కుతుంది. మొన్న నా కోడి కాళ్ళకి జరిగింది అదే: తోలంతా నలుపు, నాలుక మొద్దుబారేంత చేదు, మూత లోపల తారు లాంటి బొట్లు. అప్పటిదాకా గ్రిల్‌తో వచ్చిన పుస్తకం తెరిస్తే ఒట్టు! అందులో ఉన్నదే, ఇక్కడ డాలస్‌లో ఏళ్ళుగా బ్రిస్కెట్ (ఆవు రొమ్ము మాంసం) చేస్తున్న పక్కింటాయన కూడా చెప్పాడు.

ఇంకొకటి. ఆ పోస్టులోనే మూతకున్న థర్మామీటర్ చాలు అన్నది గ్రిల్ వేడి చూడ్డానికే. మాంసం ఉడికిందో లేదో అది చెప్పదు. చెబుతుందని కొందరు అర్థం చేసుకున్నారు. కోడి లోపల 165 ఫారన్‌హీట్, అంటే 74 సెల్సియస్, రావాలన్నది అమెరికా వ్యవసాయ శాఖ లెక్క. దానికి ముక్కలో గుచ్చి చూసే థర్మామీటర్ విడిగా కొనుక్కోండి, ఖరీదేమీ కాదు. పాత పోస్టులో రెండు లైన్లూ మార్చేశాను.