ఎడారి ఊటల తుంగను పీకమనే సందేశానికి జవాబు

"ఎడారి ఊటల చుట్టూ మొలిచేవన్నీ పిచ్చిమొక్కలే, తుంగ, జమ్ము, కిక్కిస నీరంతా తాగేస్తాయి, వేళ్లతో సహా పీకేస్తే ఊట రెట్టింపవుతుంది, ఆ చోట ఖర్జూరం నాటుకోవచ్చు, మొక్కలు మళ్లీ కావాలంటే నీళ్లు వదిలితే చాలు." కోనసీమ రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ సందేశం ఆగకుండా తిరుగుతోంది. చదువుకున్న మిత్రులు సైతం "మన కాలువలకు చేసే వైద్యమే కదా" అని జోడించి పంపుతున్నారు కనుక జవాబు చెప్పక తప్పదు.

ఊట రెట్టింపవుతుందన్న మాట అన్నిటికంటే హానికరమైనది. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలో గుర్రపుడెక్క పేరుకుంటే నీరు సాగదు, తీసేస్తే శివారు చేలకు అందుతుంది. ఊటకు ఆ లెక్క వర్తించదు. ఎక్కడో దూరాన ఇంకిన వాన రాతిపొరల్లో వేల ఏళ్లు నడిచి, లోపలి ఒత్తిడికి పైకి ఉబికే నీరది. మొక్కలు నీరు తాగవని నేను అనను. ఎండాకాలంలో జమ్ము ఆవిరి చేసేది తక్కువేమీ కాదు, కోస్తే దిగువ పాయలో కొంత నీరు పెరగవచ్చు కూడా. కానీ ఊట ఎంత ఉబకాలో తేల్చేది భూగర్భపు ఒత్తిడే. జోర్డాన్‌లోని అజ్రక్ చిత్తడి 1977లో రామ్‌సర్ జాబితాకెక్కింది, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాకు. అమ్మాన్ నగరానికీ, చుట్టుపక్కల పొలాలకూ బోర్లతో తోడగా తోడగా 1990ల తొలినాళ్లకు అక్కడి ఊటలు పూర్తిగా ఎండిపోయాయి. జమ్మే తాగేసేదైతే అంతకుముందు అన్ని తరాలపాటు అవి ఎలా పారాయి? అమెరికాలోని నెవాడా ఎడారిలో డెవిల్స్ హోల్ అనే నీటిగుహలో పొలాల బోర్ల వల్ల నీటిమట్టం పడిపోతుంటే, అమెరికా సుప్రీంకోర్టు 1976లో హద్దు పెట్టింది నీరు తోడటానికే గాని గడ్డికి కాదు. అతిగా తోడితే బోరు ఉప్పుదేలుతుందని ఎరిగిన సముద్రతీరపు రైతులు ఈ సందేశాన్ని ఎలా నమ్ముతున్నారు?

ఇక పిచ్చిమొక్కలన్న మాట. ఆస్ట్రేలియాలో గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ అనే విశాలమైన భూగర్భ జలరాశి నుంచి ఉబికే ఊటల దగ్గర ఎరియోకాలాన్ కార్సోనై అనే చిన్న మొక్క ఉంది: నేలకు అంటుకున్న ఆకుల గుత్తి, సన్నని కాడల చివర గుండీల్లాంటి తెల్లని పూలు. దీని దగ్గరి చుట్టాలు మన దేశపు వరిచేలల్లోనూ పెరుగుతాయి. ఇది మాత్రం ఊటనీరు నిత్యం తడిపే మట్టిలోనే బతుకుతుంది; తడి ఆరి ఉప్పు పేరుకున్న అంచుల్లో దానికి చోటు లేదు, అక్కడ ఉప్పును ఓర్చే వేరే మొక్కలుంటాయి. చుట్టూ వందల కిలోమీటర్ల ఎడారి ఉన్నప్పుడు ఒక ఊట ఎండితే ఆ మొక్క పక్క ఊరికి వలస పోలేదు.

ఒక్క విషయం ఒప్పుకోవాలి. దక్షిణ ఆస్ట్రేలియాలో పశువులు దిగకుండా కంచె వేసిన కొన్ని ఊటల్లో కిక్కిస దట్టంగా పెరిగి చిన్న మొక్కలను కమ్మేసింది. అలాంటి చోట అదుపు చేయడం న్యాయమే, కానీ దాని ఉద్దేశం సాటి మొక్కలను కాపాడటం.

ఖర్జూరం గురించి ఒక్క మాట చాలు: అదే ప్రాంతపు డాల్‌హౌసీ ఊటల దగ్గర అవి అల్లుకుపోతే నరికి తీయవలసి వచ్చింది.

చివరిది, నీళ్లు వదిలితే చాలన్నది. ఎండిన చిత్తడిలో కుళ్లిన వేళ్లు పేరుకున్న నల్లమట్టి కుంగి, పగిలి, ఉప్పెక్కుతుంది. అజ్రక్‌లో గొట్టాలతో నీరు తెచ్చి పోస్తున్నా, ఇన్నేళ్లకు పచ్చబడింది పాత చిత్తడిలో చిన్న ముక్క మాత్రమే.