భయపెడితే మార్కులు పెరగవు

అందరికీ ఒకేలా జరిగే ప్రామాణిక పరీక్షల (స్టాండర్డైజ్డ్ టెస్టుల) కాలం వచ్చిందంటే తల్లిదండ్రుల ఫోన్లలో ఒక సందేశం తెగ తిరుగుతుంది. సారాంశం ఇదీ: ఇంట్లో టెన్షన్ ఉంటేనే పిల్లలు చదువుతారు. పుస్తకం మొత్తం పదేపదే చదివించండి. ఆఖరి వారం నిద్ర తగ్గించి రోజుకో మోడల్ పేపర్ రాయించండి. వచ్చే స్కోరే తెలివికి కొలత అని గుర్తు చేస్తూ ఉండండి.

పంపేవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ దీన్ని పాటించే ఇంట్లో నలిగిపోయేది పిల్లలు. అందుకే ప్రతి మాటకూ జవాబు చెప్పాలి.

ముందు భయం సంగతి. ఒత్తిడి మేలు చేస్తుందనడానికి చాలామంది 1908లో యెర్కీస్, డాడ్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాన్ని చూపిస్తారు. అది చిట్టెలుకలకు కరెంటు షాకులిచ్చి చేసిన ప్రయోగం. పని తేలికైనప్పుడు షాక్ పెరిగేకొద్దీ అవి త్వరగా నేర్చుకున్నాయి. పని కష్టమైనప్పుడు మాత్రం షాక్ ఒక హద్దు దాటాక నేర్చుకోవడం మందగించింది. పరీక్షలో పిల్లల్ని ఆపేసేది కష్టమైన ప్రశ్నే కదా! లెక్క చేస్తున్నప్పుడు మధ్యలో వచ్చిన అంకెల్ని కాసేపు మనసులో నిలుపుకోవాలి. ఆ చోటు చాలా చిన్నది. ‘తప్పితే నాన్న ఏమంటారో’ అన్న దిగులు కూడా వచ్చి అక్కడే కూర్చుంటుంది. ఇంట్లో గడగడా చెప్పిన పిల్ల హాల్లో తెల్లమొహం వేస్తే, సరిగ్గా చదవలేదని తిట్టడం అన్యాయం.

అసలు భయానికి కొరత ఎక్కడుంది? వివిధ దేశాల పిల్లల చదువును పోల్చి చూసే పీసా సర్వేలో, 2015లో ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాల కూటమి) దేశాల పదిహేనేళ్ల పిల్లల్లో సగటున 55 శాతం మంది, బాగా సిద్ధమైనా టెస్ట్ అంటే చాలా ఆందోళనగా ఉంటుందని చెప్పారు. మనం కొత్తగా కలపాల్సిందేమీ లేదు.

‘పదేపదే చదివించండి’ అన్నది వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. చిక్కంతా అక్కడే. నాలుగోసారి చదివేసరికి పేజీ పరిచయమైపోయి, అంతా వచ్చేసినట్టే అనిపిస్తుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ పరిశోధకులు కాలేజీ విద్యార్థుల్లో కొందరి చేత ఒక పాఠాన్ని మళ్లీ చదివించారు, మరికొందరి చేత చూడకుండా గుర్తున్నంత రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. కాబట్టి పుస్తకం మూసి, ‘ఇందులో ఏముందో నాకు చెప్పమ్మా’ అని అడగండి. మార్కులు వేయకండి. మరిచిపోయిన చోట పుస్తకం తెరిచి కలిసి చూడండి. రెండు రోజులాగి మళ్లీ అడగండి. రోజుకు అరగంట చొప్పున ఇలా సాగితే, ఆఖరి వారంలో ఇల్లంతా పరుగులు పెట్టాల్సిన పని ఉండదు.

నిద్ర తగ్గించడం తప్పే, అందులో వాదించడానికేమీ లేదు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు 9–12 గంటలు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు 8–10 గంటలు కావాలన్నది నిద్ర వైద్యనిపుణుల సిఫార్సు. చదివింది జ్ఞాపకంలో గట్టిపడేదీ నిద్రలోనే.

మోడల్ పేపర్ల మాట సగం నిజం. ప్రశ్నల తీరు, సమయం, జవాబు గళ్లు నింపే పద్ధతి ముందే తెలిస్తే బెదురు తగ్గుతుంది. దానికి కొన్ని పేపర్లు చాలు, రోజుకొకటి అక్కర్లేదు. రాసిన పేపర్ ముందు కూర్చుని ప్రతి తప్పుకూ కారణం వెతకండి: తెలియకా, ప్రశ్న తొందరగా చదివా, టైమ్ చాలకా? మూడింటికీ మందులు వేరు. ఇది చూడకుండా ఇంకో పేపర్ ముందు పెడితే అవే తప్పులు మళ్లీ వస్తాయి.

ఇక స్కోరే తెలివికి కొలత అన్న మాట. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. ఇలాంటి టెస్ట్ అందరికీ ఒకే నిబంధనలతో, ఒకే రకం మూల్యాంకనంతో జరుగుతుంది. అయినా అది నేర్చుకున్నదాంట్లోంచి కొద్ది భాగాన్ని, ఒక్క రోజు మాత్రమే పరీక్షిస్తుంది. అదే పిల్లాడు మరో రోజు అలాంటిదే ఇంకో పేపర్ రాస్తే స్కోరు కొంత అటూ ఇటూ అవుతుంది. పైగా పర్సంటైల్‌ను మార్కుల శాతమనుకుని తిట్టే ఇళ్లున్నాయి. 60 పర్సంటైల్ అంటే నూటికి అరవై మార్కులు కాదు, పోల్చిన పిల్లల్లో సుమారు 60 శాతం మంది కంటే మెరుగ్గా రాశాడని. రిపోర్టు వచ్చాక మొత్తం స్కోరు దగ్గరే ఆగిపోకుండా, విభాగాలవారీ వివరాలుంటే వాటిని టీచర్‌తో కలిసి చూడండి. చదివి అర్థం చేసుకోవడంలో సాయం కావాలా, భిన్నాల్లోనా అన్నది అక్కడ తెలుస్తుంది.