ఫైలు తెరుచుకోలేదని ఫార్మాట్ కొట్టించకండి

మొదట మా అపార్ట్‌మెంట్ గ్రూపులో చూశాను. మర్నాడు పదో తరగతి స్నేహితుల గ్రూపులో, ఆ వారంలోనే చుట్టాల గ్రూపులో వచ్చింది. "కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకున్నాక మీ ఫైళ్లు తెరుచుకోవడం లేదా? అది వైరస్. మీ ఫైళ్లు పాడైపోయాయి" అని మొదలవుతుంది ఆ మెసేజ్. దాని కింద నాలుగు చిట్కాలు. ఫైలు పేరు చివరి ఎక్స్‌టెన్షన్ మార్చి చూడండి. డీఎల్ఎల్ లేదని వస్తే గూగుల్‌లో వెతికి దించుకుని సిస్టమ్ 32 ఫోల్డర్‌లో వేయండి. కొత్త సాఫ్ట్‌వేర్ తీసేస్తే అంతా మామూలైపోతుంది. అప్పటికీ కాకపోతే సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టించండి, మీ ఫైళ్లు డీ డ్రైవ్‌లో భద్రంగా ఉంటాయి. ఆఖర్న "పది మందికీ పంపండి".

తిరుపతిలో ఇళ్లకు వెళ్లి కంప్యూటర్లు బాగుచేయడం పదహారేళ్లుగా నా పని. ఈ మెసేజ్ నమ్మి పోగొట్టుకున్నవాళ్లను కళ్లారా చూశాను. అందుకే ఇందులోని ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు ఆ వైరస్ మాట చూద్దాం. ఫైలు మీద మనం రెండుసార్లు నొక్కినప్పుడు విండోస్ దాని లోపల ఏముందో చూడదు. పేరు చివరన ఉన్న తోకను, అంటే ఎక్స్‌టెన్షన్‌ను చూస్తుంది. డాట్ పీడీఎఫ్ అని ఉంటే, పీడీఎఫ్ తెరిచే ప్రోగ్రామ్ ఏదని తన పట్టికలో వెతికి దాన్ని పిలుస్తుంది. కొత్త సాఫ్ట్‌వేర్ వేసేటప్పుడు నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోతాం కదా, అక్కడే ఎక్కడో ఒకచోట "పీడీఎఫ్‌లన్నీ ఇకపై నేనే తెరుస్తాను" అని అది అడుగుతుంది. మనం ఊ అంటాం. పట్టికలో పేరు మారిపోతుంది. ఆ కొత్త ప్రోగ్రామ్‌కు తెరవడం చేతకాకపోయినా, డబ్బు కడితేనే తెరుస్తానన్నా మన ఫైలు తెరుచుకోదు. ఫైలులో మాత్రం ఒక్క అక్షరం కూడా మారి ఉండదు. అలిపిరి దగ్గర సామాన్ల కౌంటర్‌లో టోకెన్ మారిందనుకోండి, మీ సంచి వేరేవాళ్ల చేతికి వెళ్తుంది. అంతేగానీ సంచి చిరగదు, లోపలి బట్టలు మాయమవవు.

నా మాట ఊరికే నమ్మక్కర్లేదు, మీరే చూసుకోవచ్చు. నోట్‌ప్యాడ్ తెరిచి, తెరుచుకోని ఆ పీడీఎఫ్‌ను పట్టుకుని లాక్కొచ్చి అందులో వదలండి. తెర నిండా అర్థంకాని గుర్తులు కనపడతాయి, కంగారు పడొద్దు. మొట్టమొదటి వరస మాత్రం చూడండి. పర్సెంట్ గుర్తు, దాని పక్కన ఇంగ్లిష్‌లో పీడీఎఫ్ అనే మూడక్షరాలు, ఒక గీత, 1.4 అనో 1.7 అనో ఒక అంకె ఉంటాయి. అవి ఉంటే అది ఇంకా పీడీఎఫ్ ఫైలే. వర్డ్ డాక్స్ ఫైలో, ఎక్సెల్ ఫైలో అయితే మొదటి రెండక్షరాలు పీ, కే. ఎందుకంటే డాక్స్ అనేది నిజానికి ఒక జిప్ మూట. 1989లో జిప్ పద్ధతిని తయారుచేసిన ఫిల్ కాట్జ్ పేరులోని మొదటి అక్షరాలవి. ఈ రోజుకూ మన లేఖల్లో, మార్కుల లిస్టుల్లో, పెళ్లి ఖర్చుల లెక్కల్లో ఆయన పొడి అక్షరాలు కూర్చునే ఉన్నాయి. జేపీజీ ఫొటో అయితే మొదటి వరసలో జేఎఫ్ఐఎఫ్ అనో ఎగ్జిఫ్ అనో కనపడుతుంది. ఇవేవీ లేకుండా ఫైలంతా ఖాళీగా ఉంటే అప్పుడు అది పాడైందని అనుమానించాలి. చూశాక నోట్‌ప్యాడ్‌ను మూసేయండి. సేవ్ మాత్రం చేయొద్దు. సేవ్ చేస్తే నిజంగానే పాడవుతుంది.

ఫైలు బాగుందని తేలాక మిగిలిన పని రెండు నిమిషాలు. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ విత్, అందులో చూజ్ అనదర్ యాప్. మీరు ముందు వాడుతున్న ప్రోగ్రామ్‌ను ఎంచుకుని విండోస్ 11లో ఆల్వేస్ నొక్కాలి. విండోస్ 10లో అయితే కింద ఉన్న చిన్న డబ్బాలో టిక్ పెట్టి ఓకే అనాలి. రకరకాల ఫైళ్లు ఒకేసారి చేయిదాటిపోతే సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్‌కు వెళ్లి ఒక్కోదాన్ని సరిచేసుకోవచ్చు. కొందరు వీడియోల్లో, విండోస్ తన సెట్టింగ్‌లన్నీ రాసుకునే రిజిస్ట్రీని తెరిచి అక్కడ మార్చమంటున్నారు. విండోస్ 8 నుంచి మన ఎంపిక పక్కన ఒక తనిఖీ సంకేతం కూడా రాసి ఉంటుంది. అక్కడ చేత్తో మారిస్తే ఆ సంకేతం కుదరదు, విండోస్ ఆ మార్పును ఒప్పుకోదు. కాబట్టి ఆ శ్రమ వద్దు.

వైరస్ అసలు కాదని కూడా నేను అనను. ఫైళ్లను తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ ఉంది, దొంగ సాఫ్ట్‌వేర్లతో పాటే అది వస్తుంది కూడా. కానీ దాని ఆనవాళ్లు వేరు. ఫైళ్ల పేర్ల చివర ఎన్నడూ చూడని కొత్త తోక చేరుతుంది. ఫోల్డర్లలో "డబ్బు కట్టండి" అని రాసిన చీటీ ఫైలు ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో చూస్తే ఇందాక చెప్పిన మొదటి అక్షరాలు చాలావరకు ఉండవు. అది కనపడితే వెంటనే వైఫై ఆపి, నెట్ తీగ పీకి, 1930కి ఫోన్ చేయండి. సైబర్ నేరాల సహాయ నంబరు అదే. అప్పుడు కూడా ఫార్మాట్ వద్దు. కొన్ని రకాల రాన్సమ్‌వేర్‌కు తాళంచెవులు దొరికాయి. యూరప్ దేశాల పోలీసు సంస్థ యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు మరికొందరితో కలిసి 2016లో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ సైట్‌లో వాటిని ఉచితంగా ఇస్తున్నారు. తాళం వేసిన ఫైళ్లు మన దగ్గర ఉంటేనే రేపు చెవి దొరికినా పనికొస్తుంది.

ఎక్స్‌టెన్షన్ మార్చి చూడమనే రెండో మాటకు వస్తే, సీసా మీద చీటీ మారిస్తే లోపలి మందు మారదు. ఐఫోన్‌లో తీసిన ఫొటోలు హెచ్ఈఐసీ రకంలో వస్తాయి. అవి తెరుచుకోవడం లేదని పేరు చివర జేపీజీ అని రాసుకుంటున్నారు. ఫొటో జేపీజీ అయిపోదు. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఆ రకం ఫొటోలు చూడటానికి హీఫ్ ఇమేజ్ ఎక్స్‌టెన్షన్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది, అది వేసుకోవాలి. ఒక ఫైలు పేరు మార్చి మళ్లీ వెనక్కి మార్చుకుంటే నష్టం లేదు. కానీ తిరుచానూరు రోడ్డులో ఒకాయన రెండు వందల పైచిలుకు ఫైళ్లకు ఒకే దెబ్బన తోకలు మార్చేశాడు. ఏది వర్డ్, ఏది ఎక్సెల్, ఏది పేజ్‌మేకర్ అనేది ఆయనకే తెలియకుండా పోయింది. ఒక్కో ఫైలునూ నోట్‌ప్యాడ్‌లో వేసి గుర్తుపట్టడానికి నాకు ఒక ఆదివారమంతా పట్టింది.

పేజ్‌మేకర్ అన్నాను కాబట్టి, దాంతో పేజీలు తయారుచేసే మన డీటీపీవాళ్లకు ఒక మాట చెప్పాలి. శుభలేఖలు, కరపత్రాలు, గుడి ఉత్సవాల పత్రికలు ఇక్కడ ఇప్పటికీ అను ఫాంట్లలోనే ఎక్కువగా తయారవుతున్నాయి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాల బొమ్మలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఫాంటు లేని కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిస్తే శుభలేఖ కాస్తా పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలుగా కనపడుతుంది. దాన్ని చూసి "ఫైలు కరప్ట్ అయిపోయింది" అనుకుంటారు. కాలేదు. ఫాంటు వేస్తే అదే అక్షరం, అదే కొమ్ము, అదే వత్తు తిరిగొస్తాయి. ఫార్మాట్ కొట్టిన మర్నాడు డీటీపీవాళ్ల దగ్గర్నుంచి నాకొచ్చే ఫోన్లు చాలావరకు ఇవే. లేని జబ్బుకు మందు వేసి కొత్త జబ్బు తెచ్చుకోవడం.

డీఎల్ఎల్ విషయం అన్నిట్లోకీ ప్రమాదకరం. డీఎల్ఎల్ అంటే ప్రోగ్రామ్‌లో ఒక ముక్క. ఎవరో తెలియనివాళ్ల సైట్‌లోంచి దాన్ని తెచ్చి సిస్టమ్ ఫోల్డర్‌లో పెట్టడమంటే వాళ్లు రాసినదాన్ని మన కంప్యూటర్‌లో నడవనివ్వడమే. వైరస్ వస్తుందని భయపెట్టిన మెసేజే వైరస్‌కు తలుపు తీయమంటోంది. పైగా ఆ ఫోల్డర్ పేర్లలో ఒక మెలిక ఉంది. ఇప్పటి 64 బిట్ విండోస్‌లో సిస్టమ్ 32 అనే ఫోల్డర్‌లో ఉండేవి 64 బిట్ ముక్కలు. 32 బిట్ ముక్కలు ఉండేది పేరులో 64 ఉన్న సిస్‌వావ్ 64లో. మెసేజ్ చెప్పినట్టు చేస్తే సగం సార్లు ముక్క తప్పు చోట పడుతుంది. వీసీరన్‌టైమ్ 140, ఎంఎస్‌వీసీపీ 140 అనే పేర్లతో తప్పు వస్తే అవి విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే ప్యాకేజీలో ఉంటాయి. మైక్రోసాఫ్ట్ సొంత సైట్‌లో ఉచితం. ఎక్స్ 86 (అంటే 32 బిట్), ఎక్స్ 64 (అంటే 64 బిట్) రెండూ వేయండి.

కొత్త సాఫ్ట్‌వేర్ తీసేస్తే చాలన్నది సగం నిజం. తీసేసినా పట్టికలో దాని పేరు మిగిలిపోవచ్చు. అప్పుడు ఫైలు నొక్కితే విండోస్ లేని మనిషిని పిలిచినట్టు పిలిచి, దేంతో తెరవాలని మనల్నే అడుగుతుంది. అందుకే ముందు పాత ప్రోగ్రామ్‌ను ఆల్వేస్‌గా పెట్టి, తర్వాత కొత్తదాన్ని తీసేయండి. సిస్టమ్ రిస్టోర్ ముందే ఆన్ చేసి ఉంటే, ఆ సాఫ్ట్‌వేర్ వేయకముందు తేదీకి వెనక్కి వెళ్లడం ఇంకా మంచిది. అది ప్రోగ్రామ్‌లనూ సెట్టింగ్‌లనూ వెనక్కి తిప్పుతుంది, మన ఫొటోలనూ లేఖలనూ ముట్టుకోదు.

ఇక ఆ ఆఖరి చిట్కా. ఇది రాయడానికి అసలు కారణం అదే.

కొర్లగుంటలో ఒక పెద్దమ్మ ఉంది. టీచరుగా రిటైరైంది. సెలవులకు వచ్చిన మనవడు ఏదో ఉచిత పీడీఎఫ్ కన్వర్టర్ వేశాడు. తెల్లారి చూస్తే పెన్షన్ కాగితాలు, ఇంటి పన్ను రసీదులు అన్నిటి బొమ్మలూ మారిపోయాయి, నొక్కితే డబ్బు కట్టమని వస్తోంది. ఆమె ఫోన్‌లో ఈ మెసేజ్ ఉంది. సీపీయూను ఆటోలో వేసుకుని ఒక అంగడికి తీసుకుపోయింది. సాయంత్రానికి ఫార్మాట్ చేసి ఇచ్చేశారు. రెండు రోజులకు నాకు ఫోన్ చేసింది. "నాయనా, కంప్యూటర్ బాగానే ఉండాది. మీ పెదనాయన ఫొటోలే యాడా కనపడలా."

ఆయన పోయి మూడేళ్లయింది. ఫొటోలన్నీ డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్‌లో పెట్టుకుంది, రోజూ చూసుకోవడానికి వీలుగా. డెస్క్‌టాప్ అంటే ఎక్కడో వేరే చోటు కాదు. సీ డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్, అందులో మన పేరు, అందులో డెస్క్‌టాప్. డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ అన్నీ అక్కడే. కావాలని మార్చుకోకపోతే ఏ ఇంట్లోనైనా ముఖ్యమైనవన్నీ సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. ఎన్నో కొత్త ల్యాప్‌టాప్‌లలో డీ డ్రైవ్ అనేదే ఉండదు. "డీ డ్రైవ్‌లో భద్రం" అని రాసినవాళ్లు ఈ సంగతి ఒక్కసారి ఆలోచించి ఉంటే ఆ ఫోల్డర్ ఈ రోజు ఉండేది.

నేను వెళ్లి రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి మూడు గంటలు కూర్చున్నాను. పాత హార్డ్ డిస్క్ అయితే ఆశ ఉండేది. త్వరగా చేసే ఫార్మాట్‌లో జాబితా మాత్రమే చెరుగుతుంది, దాని మీద కొత్తది రాసేదాకా పాతది కొంత మిగిలి ఉంటుంది. ఆమెది ఎస్ఎస్‌డీ, చిప్‌లతో చేసిన కొత్త రకం డిస్క్. ట్రిమ్ అనే పద్ధతిలో, ఖాళీ అయిన చోటు ఏదో విండోస్ డిస్క్‌కు చెప్పేస్తుంది, డిస్క్ తనంతట తానే ఆ చోటును తుడిచేసుకుంటుంది. ఆ ఫోల్డర్‌లోంచి ఒక్క ఫొటో కూడా రాలేదు. ఆమె పక్కనే కుర్చీ వేసుకుని, తెర మీద వెతుకులాట పట్టీ నిండుతున్న ప్రతిసారీ "వచ్చిందా నాయనా" అని అడుగుతూనే ఉంది.

నిజంగా విండోస్ తిరిగి వేయాల్సిన సందర్భాలు ఉంటాయి. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి 11 వేయించుకోవాలనుకోవడం సబబే. కానీ అంగడికి ఇచ్చే ముందు ఆ యూజర్స్ ఫోల్డర్ మొత్తాన్ని బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ట్యాలీ వాడేవాళ్లు ఆ డేటా ఎక్కడుందో చూసి అదీ తీసుకోండి. కాపీలోంచి రెండు ఫైళ్లు వేరే కంప్యూటర్‌లో తెరిచి చూశాకే సీపీయూ చేతికివ్వండి. కంప్యూటర్ అసలు లేవకపోతే, డిస్క్‌ను బయటికి తీసి వేరేదానికి తగిలించి కాపీ చేసిపెట్టమని అడగండి. ల్యాప్‌టాప్‌లో డిస్క్‌కు తాళం వేసే ఎన్‌క్రిప్షన్ ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, చాలామందికి అది వాళ్ల మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఇక విండోస్ సెట్టింగ్స్‌లోని రీసెట్ దిస్ పీసీలో కీప్ మై ఫైల్స్ అనే ఎంపిక ఉంది. ప్రోగ్రామ్‌లు పోతాయి, ఫైళ్లు ఉంటాయి. దానికీ ముందు కాపీ తీసుకోవాల్సిందే.

ఆ మెసేజ్ వచ్చిన మూడు గ్రూపుల్లోనూ దాని కిందే ఇదంతా పెడుతున్నాను. మీ గ్రూపులోకి అది వస్తే మీరూ దాని కింద పెట్టండి.

బెంగళూరులో ఉన్న పెద్దమ్మ కూతురి ఫోన్‌లో వాళ్ల నాన్న ఫొటోలు పదకొండు దొరికాయి. అందులో ఒకటి కపిలతీర్థం మెట్ల మీద ఇద్దరూ కూర్చున్నది. వాటిని కంప్యూటర్‌లో వేసి, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ చేసి బీరువాలో పెట్టించి వచ్చాను.