ముప్ఫై పెద్దదా, వంద పెద్దదా?

మన డెల్టాలో పిల్లలకి లెక్కలు రావడం లేదని ఇకమీదట ఎవరూ దిగులు పెట్టుకోనక్కర్లేదు. లెక్కల జాగాలో లెక్కల క్విజ్ వచ్చేసింది. కూడికలు, తీసివేతలు, ఎక్కాలు, భాగహారాలు తిరగేయించాలంటే పూర్వం మాస్టారికి సుద్దముక్క, బెత్తం, బోలెడంత ఓపిక కావలసి వచ్చేవి. ఇప్పుడు గోడకి బిగించిన టీవీ ఉంటే చాలు. దాంతోపాటు కరెంటు కూడా ఉంటే మరీ మంచిది.

ఈ ఆట సంగతి తెలియని తాతలూ బామ్మలూ ఉంటారు కాబట్టి కాస్త వివరిస్తాను. టీవీ మీద ప్రశ్న పడుతుంది. కింద నాలుగు రంగుల్లో నాలుగు జవాబులు. పక్కన గడియారం ఇరవై నుంచి వెనక్కి పరిగెడుతుంది, గుండె దడ పుట్టించే సంగీతం సరేసరి. నార్వే వాళ్లు 2013లో జనంలోకి వదిలిన కహూట్ అనే ఆటలో అయితే ఠక్కున నొక్కినవాడికి వెయ్యి దాకా పాయింట్లు, అదే సరైన జవాబు ఆఖరి క్షణంలో నొక్కినవాడికి సుమారు సగం. అంటే ఏడు ఎనిమిదులు యాభై ఆరు అనే సత్యం విలువ సెకను సెకనుకీ పడిపోతుందన్నమాట. పట్టుబడి చేసిన రొయ్య కూడా చెరువు గట్టు మీద ఇంత త్వరగా చెడిపోదు.

మన ఊరి బళ్లలో పిల్లకో ఫోను ఉండదు కదా, అందుకని పలకల మీద ఏ, బీ, సీ, డీ రాసుకుని పైకెత్తే పద్ధతి పెట్టుకున్నారు. సాంకేతిక విప్లవం పలక దగ్గరికొచ్చి ఆగింది. నాకేం అభ్యంతరం లేదు. పలక ఛార్జింగ్ అడగదు.

పాలకొల్లుకీ భీమవరానికీ మధ్య ఒక బడిలో, ఊరి పేరెందుకు గాని, ఇలాంటి క్విజ్ చూసే భాగ్యం నాకు కలిగింది. జట్లకి గౌతమి, వశిష్ఠ, వైనతేయ అని గోదావరి పాయల పేర్లు పెట్టారు. మొదటి రౌండు కాకుండానే తగువు. వైనతేయ పాయ వశిష్ఠలోంచే కదండీ చీలింది, అంచేత వాళ్ల మార్కుల్లో మాకు వాటా రావాలండీ అని ఒక బుడతడు లేచాడు. నీటి పంపకాల మీద ఇంత పట్టున్న పిల్లాణ్ని ఎక్కాల దగ్గర కూర్చోబెట్టడం వృథా. దాళ్వాలో కాలువ వంతులు వేసేటప్పుడు లాకుల దగ్గరికి పంపాల్సిన మనిషి వాడు.

అసలు ప్రతిభ మాత్రం వశిష్ఠ జట్టులో ఉంది. మొదటి ప్రశ్నకి "సీ" అని రాసిన నాలుగో తరగతి పిల్లవాడొకడు ఆఖరి ప్రశ్న దాకా అదే పలక ఎత్తాడు. చెరపడానికి తడిగుడ్డ పక్కవాడి దగ్గరుందట, వాడు ఇవ్వలేదట. ఇరవై ప్రశ్నలకి ఆరు కొట్టాడు. నాలుగింట్లో ఒకటి కళ్లు మూసుకుని ఎంచుకుంటూ పోయినా సగటున ఇరవైకి ఐదు వస్తాయి కాబట్టి మనవాడు సగటు కన్నా పైనే ఉన్నాడు. హెడ్మాస్టారు వాణ్ని ముందుకి పిలిచి, వాడి నిలకడకి చప్పట్లు కొట్టించారు.

దీన్ని నవ్వులాటగా తీసుకోకండి. ప్రథమ్ సంస్థ వాళ్లు 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వే ఒకటుంది. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువూ లెక్కలూ చూస్తారు. మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించమంటే, దేశం మొత్తం మీద ఐదో తరగతి పిల్లల్లో చేయగలిగినవాళ్లు 2022లో 25.6 శాతం. గుడ్డిగా పలక ఎత్తితే వచ్చేది 25. ఆ పైనున్న 0.6 శాతమే ఐదేళ్ల బడి చదువుకి నికరలాభం అని నేను తేల్చుకున్నాను. 2024లో అది 30.7కి పెరిగింది, సంతోషమే. అసర్‌లో ఆప్షన్లు ఉండవు, కాగితం మీద చేసి చూపించాలి, కాబట్టి నీ పోలిక చెల్లదని మా లెక్కల మాస్టారొకాయన అభ్యంతరం చెప్పారు. ఆయన పాతకాలం మనిషి. అదే ఆప్షన్లు ఇచ్చి ఉంటే ఏమయ్యేదో చూడండి. లెక్క రాని 74.4 శాతంలో కూడా నాలుగో వంతు మంది గుడ్డిగా గట్టెక్కేవారు. 25.6 కాస్తా 44 దాటిపోయేది. ఒక్క టీచర్ని వేయకుండా, ఒక్క పుస్తకం పంచకుండా! మూడో తరగతి దాటే ప్రతి పిల్లకీ 2026-27 కల్లా చదవడం, లెక్క కట్టడం రావాలని కేంద్రం 2021 జూలైలో నిపుణ్ భారత్ మొదలుపెట్టింది కదా, ఆ గడువు అందుకోవడానికి ఇంతకన్నా దగ్గరి దారి నాకు కనపడటం లేదు.

ఇలాంటి ప్రగతికి అడ్డుపడేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఇక్కడ రెండు జడల ఐదో తరగతి అమ్మాయి ఉంది. 408 లోంచి 279 తీసేయమన్నారు. అందరూ ఏదో ఒక పలక ఎత్తేశారు. ఈ పిల్ల మాత్రం తల వంచుకుని గొణుక్కుంటోంది: ఎనిమిదిలోంచి తొమ్మిది పోదు, పక్కింటికెళ్లి అప్పు తెచ్చుకోవాలి, పక్కింట్లో సున్నా ఉంది... అక్కడ ఆగింది. నేనూ ఆగాను, ఎందుకంటే ఆ సున్నా గారి వ్యవహారం చూడదగ్గది. ఆయన దగ్గర పైసా లేదు. అయినా అప్పు లేదనడు. అవతల వందల ఇంటికెళ్లి ఒక వంద మార్పించి పది పదులు తెస్తాడు. తొమ్మిది తన దగ్గరే ఉంచుకుని, ఇవతలివాడికి ఒక్కటి ఇస్తాడు. మన వైపు ఫైనాన్స్ కంపెనీలు పెట్టినవాళ్లలో కొందరు ఈ తీసివేత దగ్గరే స్ఫూర్తి పొంది ఉంటారు. పిల్ల 129 అని రాసి పలక ఎత్తేసరికి గడియారం ఎప్పుడో ఆగింది. సున్నా మార్కు.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొర పక్కన కూడా ఇలాంటి గడియారం పెట్టి ఉంటే ఆయన "సీ" అని పలక ఎత్తి ఇంటికెళ్లిపోయేవారు, మనం ఇప్పటికీ వానాకాలంలో మునుగుతూ, వేసవిలో ఎండుతూ ఉండేవాళ్లం.

పిల్లలకి తీసివేతలు రావంటారు గాని, ఆ విద్య పెద్దయ్యాక దానంతటదే వస్తుంది. ధాన్యం మిల్లుకి తోలి చూడండి. తేమ 17 శాతం దాటిందంటూ బస్తాకి ఇంత తరుగు తీసేయడానికి అక్కడ ఎవరికీ అప్పు తెచ్చుకోవలసిన పని పడదు, ఆప్షన్లూ అడగరు.

తరవాత ప్రశ్న సులువైనది. కింది అంకెల్లో పెద్దది ఏది? 30, 60, 75, 100. చెరువుల మీద మేతలు వేసేవాళ్ల అబ్బాయి 30 అన్నాడు. క్లాసంతా ఘొల్లుమంది. వాడు ఏమాత్రం తగ్గలేదు. "వంద కౌంటు చిన్న రొయ్యండీ. ముప్ఫై కౌంటే పెద్దది. రేటు కూడా దానికేనండి." కిలోకి ముప్ఫై తూగితే ముప్ఫై కౌంటు, వంద తూగితే వంద కౌంటు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెరుగుతుంది. వందో వంతు కన్నా ముప్ఫయ్యో వంతు పెద్దదని పిల్లల బుర్రకెక్కించలేక టీచర్లు ఏడాదంతా నోరు నొప్పెట్టేలా చెబుతారు. వీడికి గట్టు మీద నిలబడి కాటా చూస్తుంటేనే వచ్చేసింది. ఒక మార్కు కోత.

సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురం వెళ్లాలి, 37 మంది ఉన్నారు, పడవకి ఎనిమిది మంది పడతారు, ఎన్ని పడవలు కావాలి అని ఇంకోటి. ఐదు అనాలి. మూడు జట్లూ ముక్తకంఠంతో నాలుగన్నాయి. మిగతా ఐదుగురో అంటే, "సర్దుకుంటారండీ" అన్నారు. మన గోదావరి మీద పడవలో ఎంతమంది ఎక్కారన్న లెక్క పడవ తిరగబడ్డాకే మొదలవుతుంది కాబట్టి, పిల్లల్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు.

నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఇంకొందరితో కలిసి ఢిల్లీ, కోల్‌కతా బజార్లలో సరుకు అమ్మే 1,436 మంది పిల్లల్ని పరీక్షించి 2025లో నేచర్ పత్రికలో రాశారు. బేరంలో నోటిలెక్క చకచకా కట్టేసే పిల్లలు అలాంటి లెక్కనే బడి తీరులో ఇస్తే తడబడ్డారట. బడికి వెళ్లే పిల్లలకేమో బజారు లెక్క ఇస్తే అదీ సరిగా రాలేదట. ఈ రెంటినీ కలిపే చదువు చెప్పాలని వాళ్ల సలహా. అంబాజీపేట వచ్చి అడిగితే మనమే చెప్పేవాళ్లం. కొబ్బరికాయల రేటు అక్కడ వెయ్యికింతని చెబుతారు. వెయ్యి పదిహేను వేలైతే మూడొందల నలభైకి ఎంత అంటే, దింపు తీసే మనిషి చెట్టు మీంచే 5,100 అంటాడు. ఆయన చేతికే కాగితం ఇచ్చి దశాంశ బిందువు ఎక్కడ పెట్టాలి అంటే మళ్లీ చెట్టెక్కేస్తాడు. మన క్విజ్ ఈ తేడాలన్నీ చెరిపేసింది. కొబ్బరితోటలో పిల్లాడైనా, కాన్వెంటు పిల్లాడైనా పలక ఎత్తడమే. ఇంతకు మించిన సమానత్వం రాజ్యాంగం కూడా ఇవ్వలేకపోయింది.

ఆట అయ్యాక అసలు పని మొదలైంది, ఫొటోలు. ఒకే టీచరు ఫొటో తీసి, సిగ్నల్ కోసం డాబా ఎక్కి, యాప్‌లో ఎక్కించి, అది పక్కకి తిరిగిపోయిందని మళ్లీ దిగి ఇంకోటి తీశారు. అంతసేపూ పిల్లలు పలకలు ఎత్తే ఉంచారు. ఫొటో ఎక్కితేనే లెక్క వచ్చినట్టు లెక్క.

బహుమతులివ్వడానికి షావుకారుగారు వచ్చారు. కంపాస్ బాక్సులు ఆయన చలవే. ఊళ్లో సగం మంది ప్రామిసరీ నోట్లు ఆయన బీరువాలోనే ఉంటాయి కాబట్టి లెక్కల మీద ఆయనకి సహజంగానే మమకారం. మైకు తీసుకుని, "నేనూ ఒక ప్రశ్న అడుగుతాను. నూటికి రెండున్నర వడ్డీ. పదివేలకి నెలకి ఎంతర్రా?" అన్నారు. మూడు జట్లూ పలకలు వదిలేసి "రెండొందల యాభై అండీ!" అని ఒక్క గొంతుతో అరిచాయి. డెల్టాలో ఈ ఎక్కం వేరే నేర్పనక్కర్లేదు. షావుకారుగారు మురిసిపోయారు.

రెండు జడల పిల్ల మాత్రం ఇంకా రాస్తోంది.

"ఏమ్మా, నీకింకా తేలలేదా?" అన్నారాయన ముద్దుగా.

"తేలిందండి. ఏడాదికి మూడు వేలండి. అంటే నూటికి ముప్ఫై అండి. బ్యాంకులో పంట అప్పయితే ఏడేనంటండి. మరి మా నాన్నారు మీ దగ్గరెందుకు..."

షావుకారుగారు టీవీ వైపు తిరిగారు. "టైము అయిపోలేదా మాస్టారూ?"

"ఎప్పుడో అయిపోయిందండి," అని మాస్టారు అమ్మాయి పేరు పక్కన ఇంకో సున్నా చుట్టారు.