ఏడో తరగతి ప్రపంచ చరిత్రపై తిరుగుతున్న సందేశానికి జవాబు

కాలిఫోర్నియాలో బడులు తెరిచే ఆగస్టు రాగానే, ఇక్కడి తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చక్కర్లు కొట్టడం మొదలవుతుంది. మిడిల్ స్కూల్లో చెప్పే ప్రపంచ చరిత్ర తేదీల బట్టీ తప్ప మరేమీ కాదనీ, అదంతా యూరప్ గొప్పలేననీ, ఆ సమయాన్ని లెక్కలకూ కోడింగుకూ మళ్లిస్తే పిల్లలు బాగుపడతారనీ, పైగా ఆ పాఠం చెప్పేవాళ్లు వేరే ఉద్యోగం దొరకనివాళ్లేననీ దాని సారాంశం. పద్నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి, అది మానుకుని, ఇప్పుడు ఏడో తరగతికి ఆ చరిత్రే చెబుతున్నాను కనుక ఇందులోని ఒక్కో మాటనూ విడిగా పరిశీలించదలచాను. ఒకచోట ఆ సందేశంలో కొంత నిజముందని ఒప్పుకోవలసి కూడా ఉంది.

మొదటిది బట్టీ సంగతి. మన చిన్నప్పుడు సాంఘికశాస్త్రం చాలావరకు అలాగే గడిచింది కనుక ఈ అనుమానం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. నిరుడు మొదటి రోజున, కొత్తగా వచ్చిన పిల్లలకు స్వాగతం చెబుతూ, గాజుసీసాలో నాలుగు ఎండుమిరపకాయలు వేసి బల్లమీద పెట్టి, ఇవి ఎక్కడివని అడిగాను. ముందు వరుసలోని తెలుగమ్మాయి క్షణమైనా ఆలోచించకుండా గుంటూరంది. వెనకనుంచి ఒక అబ్బాయి లేచి, చిలీ అన్న పేరే మెక్సికోలో వాళ్ల అమ్మమ్మ మాట్లాడే నావాత్ల్ భాషదని గట్టిగా చెప్పాడు. ఇద్దరూ తమతమ వంటిళ్లనే సాక్ష్యానికి పిలిచారు. మిరప అమెరికా ఖండాల పంట అనీ, కొలంబస్ అక్కడికి చేరిన 1492 తర్వాతే సముద్రం దాటిందనీ, మన తీరానికి దాన్ని పోర్చుగీసు ఓడలు తెచ్చాయనీ తేల్చుకోవడానికి మాకు వారం పట్టింది. 1503లో కన్నుమూసిన అన్నమయ్య ఎరిగిన కారం మిరియాలదే అయివుంటుందని చెప్పిన రోజున, ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి ఆవకాయ విషయమై నాయనమ్మతో వాదం పెట్టుకుందట. 1492 అన్న అంకె ఆ వారమంతా మాకు ఆధారంగా పనికివచ్చింది. అది గుర్తులేనివాళ్లు ఫోనులో చూసుకోవచ్చు, దానికి నేను మార్కులు తగ్గించను.

యూరప్ గొప్పలన్న ఆరోపణలో కొంత బలముంది. 1998లో రాష్ట్రం ఆమోదించిన పాఠ్య ప్రమాణాల్లో ఏడో తరగతికి 11 విభాగాలున్నాయి. ఇస్లామిక్ నాగరికత, చైనా, పశ్చిమాఫ్రికాలోని ఘానా, మాలి రాజ్యాలు, జపాన్, అమెరికా ఖండాల మాయా, అజ్టెక్, ఇంకా నాగరికతలు కలిపి ఐదు విభాగాలు కాగా, రోముతో మొదలయ్యే మిగిలిన ఆరింటిలో ప్రధాన పాత్ర యూరప్‌దే. ప్రాచీన భారతదేశం ఆరో తరగతిలో వస్తుంది గాని, మధ్యయుగ భారతానికి ఆ పదకొండింటిలో విడిగా చోటు లేదు. 2016 నాటి మార్గదర్శక పత్రం ఆ లోటును కొంత పూడ్చింది. తక్కినది తరగతిలో నిలబడి చెప్పేవాళ్ల చేతిలో ఉంది.

చైనా పాఠంలో వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఎలాగూ వస్తాడు కనుక నేను అతని వెంట మోటుపల్లి రేవులో దిగుతాను. ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉన్న ఆ ఊళ్లో, కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో ఒక శాసనం వేయించాడు. తుఫానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా మునుపటి రాజులు లాక్కునేవారనీ, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ పుచ్చుకోననీ సముద్ర వర్తకులకు అభయమిచ్చిన శాసనం అది. ఆ శతాబ్దం ముగిసేలోపే మార్కో పోలో ఈ రాజ్యపు వజ్రాలను, సాలెగూడులాంటి పలుచని బట్టలను, ఏలుతున్న రాణిని గురించి చెప్పాడు. లాక్కోనని రాజు రాతిమీద చెక్కించవలసి వచ్చిందంటే వర్తకులు ఎంతగా భయపడి ఉండాలి, ఆ రాయిని ఎవరు చదవాలని నిలబెట్టారు, తన మంచితనం గురించి రాజు తానే చెప్పుకున్నది ఎంతవరకు నమ్మాలి అన్న ప్రశ్నలు పన్నెండేళ్ల పిల్లలే వేశారు. అర్ధరాత్రి సర్వరు కూలినప్పుడు లాగ్ ఫైళ్లు, అంటే అందులో జరిగినవి వరుసగా నమోదయ్యే చిట్టాలు, ముందేసుకుని నాకు నేను వేసుకున్న ప్రశ్నలూ దాదాపు ఇవే: ఈ వరుస ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఇందులో చెప్పకుండా వదిలేసింది ఏమిటి.

కోడింగు సలహాకు ఎక్కువ జవాబు అక్కర్లేదు. కోడింగుకు ఆధారమైన, పనిని అంచెలంచెలుగా చేసే పద్ధతికి పేరైన అల్గారిథమ్ అన్న మాట తొమ్మిదో శతాబ్దపు బాగ్దాదు పండితుడు అల్ ఖ్వారిజ్మీ పేరునుంచి వచ్చింది. భారతీయ అంకెలతో లెక్కకట్టే పద్ధతిని వివరించినవాడు ఆయనే. ఆ అంకెలు యూరప్ చేరాక, 1299లో ఫ్లోరెన్స్ నగదు మార్పిడి వర్తకుల సంఘం వాటిని ఖాతా పుస్తకాల్లో వాడకూడదని నిషేధించింది. సున్నాను తేలిగ్గా దిద్దవచ్చునన్న భయం అందుకు ఒక కారణమని చెబుతారు. ఈ సంగతి మా తరగతిలో అందరికన్నా ఎక్కువగా పట్టుకున్నది కోడింగు క్లాసులకు వెళ్లే పిల్లలే.

ఇక వేరే ఉద్యోగం దొరకనివాళ్ల మాట. ఇక్కడి ప్రభుత్వ బడిలో పాఠం చెప్పడానికి డిగ్రీ ఉండాలి, చెప్పే విషయంలో పట్టు ఉందని నిరూపించుకోవాలి, శిక్షణలో భాగంగా అనుభవజ్ఞుల పర్యవేక్షణలో 600 గంటలు బడిలో గడపాలి. ఉన్న ఉద్యోగం వదిలి, తక్కువ జీతానికి ఒప్పుకుని నేను ఆ గంటలు పూర్తిచేశాను. మా మామగారు మాత్రం బంధువులతో అల్లుడు ఇంకా కంప్యూటర్లలోనే ఉన్నాడని చెబుతున్నారు. ఆయనతో వాదించే ధైర్యం నాకింకా రాలేదు.

తల్లిదండ్రులు బడికి వచ్చే సాయంత్రం మోటుపల్లి శాసనపు నకలు మా గది గోడమీద ఉంటుంది. అందులో సంస్కృతంతోపాటు తెలుగూ ఉంది. ఆ పదమూడో శతాబ్దపు లిపిలో పిల్లలు ఇప్పటికి మూడక్షరాలు పోల్చుకున్నారు. నాలుగోది చెప్పగలిగినవారు, ఆ సందేశం పంపినవారే అయినా సరే, ఒక్క పది నిమిషాలు ముందుగా రావాలని కోరుతున్నాను.