హెర్నియా ఆపరేషన్ అయ్యాక నొప్పి: ‘అదంతా భయమే’ అనేవాళ్ళకు

మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి మళ్ళీ అదే మెసేజ్ వచ్చింది. గజ్జల్లో హెర్నియా (కండ బలహీనపడిన చోట పొట్టలోని పేగో కొవ్వో బయటికి ఉబ్బడం) ఆపరేషన్ చాలా చిన్నదట. నెలలు గడిచినా నొప్పంటే అది భయమేనట, అదీ ఏ ఒకరిద్దరికోనట. లేదంటే మెష్ (ఆ చోట బలానికి లోపల వేసే వల) ఒంటికి పడలేదని అర్థమట, తీయించేస్తే సరిపోతుందట. అసలు బెల్టు కట్టుకుంటే ఆపరేషనే అక్కర్లేదట. ఆ ఆపరేషన్ అయిన ఏడాదిన్నరగా ఈ మాటలు వినీ వినీ మా నాన్న నొప్పి గురించి చెప్పడమే మానేశారు.

భయం సంగతి ముందు చూద్దాం. గజ్జలో మూడు సన్నటి నరాలుంటాయి. ఆపరేషన్‌లో అవి తెగొచ్చు, కుట్టులో చిక్కుకోవచ్చు, గాయం మానేటప్పుడు ఏర్పడే గట్టి మచ్చలో ఇరుక్కోవచ్చు. నాన్నకు లుంగీ రాసుకున్నా చాలు, తొడ లోపలిదాకా కరెంటు కొట్టినట్టుంటుంది. కుట్టు పక్కనే కొంతమేర అసలు స్పర్శే లేదు. రెండోసారి చూపించిన డాక్టరు స్పిరిట్ దూదితో తాకుతూ, మొద్దుబారిన చోటూ మండే చోటూ పెన్నుతో గీశారు. ఆ గీత సరిగ్గా ఒక నరం మేరకే వచ్చింది. భయంతో వచ్చే నొప్పి అలా ఉండదు.

‘ఒకరిద్దరికి’ అన్నదీ తప్పే. 2018లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం, మూడు నెలలు దాటినా రోజువారీ పనులకు అడ్డొచ్చే నొప్పి 10 నుంచి 12 శాతం మందికి ఉంటుంది. వయసులో ఉన్నవాళ్ళకూ, ఆడవాళ్ళకూ, ఆపరేషన్‌కు ముందే నొప్పి బాగా ఉన్నవాళ్ళకూ ముప్పు ఎక్కువ. ఈ మాట సంతకం పెట్టించుకునే ముందే చెప్పాలి. మాకెవరూ చెప్పలేదు.

మెష్ లేకుండా ఉత్త కుట్లతో చేసినవాళ్ళకూ ఈ నొప్పి వస్తుంది. మెష్ తీయడం వేసినంత తేలిక కాదు. హెర్నియా తిరగబెట్టొచ్చు, వృషణానికి వెళ్ళే రక్తనాళాలు దెబ్బతినొచ్చు. ముందు మందులు, తర్వాత నరం దగ్గర మత్తు ఇంజెక్షన్, అప్పటికీ తగ్గకపోతేనే అనుభవమున్న సర్జన్ దగ్గర నరం కత్తిరించడమో మెష్ తీయడమో.

బెల్టుతో హెర్నియా మానదు. కాకపోతే పెద్దగా బాధ లేని మగవాళ్ళు డాక్టరు సలహాతో కొన్నాళ్ళు ఆగొచ్చు. ఉత్తర అమెరికాలో 720 మంది మగవాళ్ళపై చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, ఆగినవాళ్ళలో అత్యవసరం ఏర్పడింది ఏడాదికి వెయ్యికి ఇద్దరికంటే తక్కువ మందికే. ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, వాంతులైనా మాత్రం ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి.

నాన్నకు పోయిన నెల ఆ ఇంజెక్షన్ ఇచ్చారు. బయటికి వచ్చి, గోడ పట్టుకోకుండా వంగి, చెప్పు బకిల్ తనే పెట్టుకున్నారు. సాయంత్రానికి మంట మళ్ళీ మొదలైంది. అయినా ఆ రాత్రి అమ్మను పిలిచి ఎక్కడ నొప్పో వేలు పెట్టి చూపించారు.